కాలిన అంచు

కిందటి వారం మనం విడిపోయేసరికి, ఈత నేర్పే టీచరమ్మ దవడలోంచి తీసిన ఎముక ముక్క ఆమ్లంలో నాని మెత్తబడి, పలచని పొరగా తెగి, రంగు పూసుకుని గాజుపలక ఎక్కింది. ఆ వంకర దవడను లేజరుతో కోసి సరిచేశానని ఊరంతా చాటుకున్న చిన్నడాక్టరు పైఅంతస్తులో పూలగుత్తులు అందుకుంటున్నాడు. నెలలు గడిచినా ఆ దవడ ఎందుకు అతుక్కోలేదో తేల్చాల్సిన మనిషి నేలమాళిగలోని ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు. ఆయనకు ఈవిడ స్వయానా వదిన.

ఆస్పత్రిలో ఆవిణ్ని భూతద్దం అంటారు. ముఖాన కాదు, వెనకాల. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసినా పట్టించుకోదు. వెనకాల మాట్లాడేవాళ్లలో ఎదుటికొచ్చి మాట్లాడదగ్గ మనిషి ఒక్కరూ లేరని ఆవిడ నమ్మకం.

భూతద్దం పలకను అటూ ఇటూ జరిపి చూసింది. చిన్న కటకంతో చూసింది, పెద్ద కటకంతో చూసింది. చూసినకొద్దీ ఆవిడ పెదవి ఒక పక్కకు వంగింది. నవ్వు కాదది. ఆ పెదవి అలా వంగినప్పుడు ల్యాబులో పనిచేసేవాళ్లు టీ తాగే వంకతో బయటికి జారుకుంటారు. ఆ మధ్యాహ్నమూ జారుకున్నారు.

ఎముకంటే ఎండుకర్ర అనుకుంటారు చాలామంది. నిజానికది కాపురాలున్న ఇల్లు. మైక్రోస్కోపు కింద గులాబిరంగు గోడలో చిన్న చిన్న గూళ్లు కనిపిస్తాయి. ఒక్కో గూటిలో ఒక్కో కణం, నీలపు చుక్కలా ఉంటుంది. చుక్కలున్నాయంటే ఎముక బతికున్నట్టు. టీచరమ్మ ఎముకలో లోపలివైపు చుక్కలు నిండుగా ఉన్నాయి. కోత వైపు వచ్చేసరికి పలచబడ్డాయి. అంచుకు చేరేసరికి గూళ్లన్నీ ఖాళీ. జనమంతా మూటాముల్లే సర్దుకుని పోయిన వీధిలా ఉంది. ఆ ఖాళీ గూళ్లకు అవతల, కోత పొడవునా, మాడిన రొట్టె అంచులాంటి నల్లటి గీత. దాన్ని ఆనుకుని బొగ్గు రవ్వలు. ఆ రవ్వలను మింగలేక, వదిలిపెట్టలేక చుట్టూ మూగిన పెద్ద పెద్ద కణాలు. కొత్త ఎముక పుట్టిన జాడ ఎక్కడా లేదు. దాంతోపాటు వచ్చిన నరం పోగు ఉడికిన దారంలా ముద్దగట్టి ఉంది.

'కోశాడనుకుంటున్నారందరూ. కాల్చాడు' అనుకుంది భూతద్దం.

ఆ గదికి తలుపు తట్టకుండా వచ్చే ధైర్యం ఇద్దరికే ఉంది. ఒకరు అత్తగారు. ఆవిడ ఈ మెట్లు దిగి ఏళ్లయింది. అందుకే తలుపు చప్పుడు కాగానే భూతద్దం తల తిప్పకుండా, "రా మరిదీ" అంది.

చిన్నడాక్టరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. తెల్లకోటు మీద ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. ఆ మొహమే ఆస్పత్రి ముందుగోడ మీద అంతస్తుల ఎత్తున, అరచేతిలో ఒక వెలుగుకిరణం పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. గోడ మీదైతే కనీసం మాట్లాడడు, అదే నయం అనుకుంటుంది భూతద్దం పొద్దున్నే లోపలికి వస్తూ.

"ఈ వాసనలో రోజంతా ఎలా కూర్చుంటారు వదినా?"

"అలవాటైపోయింది. మీ పైఅంతస్తు వాసనలే నాకు ఇంకా అలవాటు కాలేదు."

ఆయన నవ్వాడు. ఎవరేమన్నా ఆయన చెవికి చేరేలోపు మెచ్చుకోలుగా మారిపోతుంది. అలాంటి చెవులున్న మనిషికి లోకంలో బాధేముంటుంది?

"ఆ ఈత టీచరు రిపోర్టు రాశారా?"

"రాయబోతున్నా."

"ఇన్ఫెక్షన్ అని రాసేయండి. నోరు శుభ్రంగా ఉంచుకోలేదు, చీము పట్టింది, అతుక్కోలేదు. అంతే కదా. మనింటి మాట మనింట్లో ఉంటుంది."

"చీము పడితే చీము కణాలు కనబడాలిగా. ఎక్కడున్నాయో నువ్వే చూపించు." భూతద్దం లేచి కుర్చీ ఆయన వైపు తోసింది. "కూర్చో. చూడు."

కూర్చుంటే కోటు నలుగుతుందనుకున్నాడో ఏమో, ఆయన రుమాలు తీయకుండానే వంగి ఒక కన్ను ఆనించాడు. లేచి నిలబడ్డాడు.

"చూశావా?"

"చూశాను. మామూలే. అంచు కొంచెం కమిలింది. ఏ కోతకైనా అంచు కములుతుంది వదినా, మీకు తెలియనిదేముంది."

"నువ్వు చూసింది గులాబిరంగు మసక. ఆ అద్దం నా కంటికి సరిపెట్టుకున్నది. పక్కనున్న చక్రం తిప్పకపోతే నీకు అందులో ఏమీ కనిపించదు. నువ్వు చక్రం ముట్టుకోలేదు. చూడకుండా చూశానని చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావు?"

చిన్నడాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. అప్పటికైనా చక్రం తిప్పి చూస్తాడేమోనని భూతద్దం ఒక క్షణం ఆగింది. తిప్పలేదు. తిప్పడని ఆవిడకు ముందే తెలుసు. అయినా ఆగింది, తర్వాత తనను తను తిట్టుకోవడానికి.

"చీము పాకిన ఎముక ఎక్కడపడితే అక్కడ పుచ్చిపోతుంది. ఇది అలా పుచ్చలేదు. నీ కోత ఎలా వెళ్లిందో చావు అలాగే, దాని పక్కనే, స్కేలు పెట్టి గీసినట్టు వెళ్లింది. ఈ గీత ఏ సూక్ష్మజీవీ గీయలేదు మరిదీ. నువ్వు గీశావు."

"పుస్తకాలు చదివి మాట్లాడుతున్నారు మీరు. బల్ల మీద ఏం జరుగుతుందో మీకెలా తెలుస్తుంది? చూపిస్తాను, ఉండండి." ఆయన ఫోను తీసి వెలిగించాడు. సొంత బిడ్డ ఫొటో చూపించే తండ్రి కూడా అంత మురిపెంగా ఫోను తీయడు. "ఇదే ఆవిడ దవడ. దేశదేశాల డాక్టర్లు చూసి మెచ్చుకున్నది. చూడండి, ఒక్క చుక్క రక్తం ఉందా?"

భూతద్దం చూసింది. తెల్లటి ఎముక తెరంతా నిండి, పాలరాయిలా మెరుస్తోంది. దాని మీద ఎర్రటి చుక్క మెల్లగా పాకుతోంది. చుక్క వెళ్లిన దారిలో నారింజరంగు మెరుపు, సన్నటి పొగ. పొగ తేలిపోగానే గీత కనిపిస్తోంది. మొదట తెలుపు, తర్వాత గోధుమరంగు, చివరికి నలుపు. వెనకాల మెత్తగా వాయించిన సంగీతం కూడా ఉంది.

"నీళ్లేవి?" అంది.

"ఏం నీళ్లు?"

"ఆ యంత్రం చేసినవాళ్లు దాని మూతికి నీళ్ల తుంపర పెట్టి ఇచ్చారు కదా. కిరణం పడ్డచోట పుట్టిన వేడి లోపలికి పాకకుండా ఆ తుంపరే లాగేస్తుంది. తుంపర ఉంటే అంచు తెల్లగా ఉంటుంది, ఎముక బతుకుతుంది. ఇందులో ఒక్క చుక్క లేదు. నీళ్లేవి?"

చిన్నడాక్టరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అన్నట్టు భుజాలు ఎగరేశాడు.

"తుంపర ఉంటే కెమెరా అద్దం మీద పడుతుంది వదినా. అంతా మసకేసి ఏమీ కనబడదు. చిత్రం తీసే రోజుల్లో కట్టేస్తాం. రెండు నిమిషాల పని, ఆ మాత్రానికి ఏమవుతుంది?"

భూతద్దం కుర్చీని తిరిగి తన వైపు లాక్కుంది. ఆవిడ కోపిష్టి మనిషే అయినా కోపం రావడానికి ఎదుటివాడు కాస్త సమానుడై ఉండాలి. ఇక్కడ ఆ అవకాశం కూడా లేకపోయింది.

"బొమ్మ బాగా రావాలని మనిషి దవడ కాల్చావు" అంది, చాలా మామూలుగా. "నేనింకా నీకు పని చేతకాదేమో అనుకున్నాను. చేతకానివాడికైనా కాస్త జాలి పడొచ్చు. నీకు చేతనవును. చేతనై ఉండి కూడా నీళ్లు కట్టేశావు. పెళ్లిళ్లలో ఫొటోలు తీసేవాడు నీకంటే మర్యాదస్థుడు. వాడు పెళ్లికూతురి మొహం మీద నిప్పు పెట్టడు, వెలుగు బాగా వస్తుందని."

"మాటలు జాగ్రత్త వదినా. మీరు చచ్చిన ముక్కల్ని చూసే డాక్టరు. బతికున్న మనుషుల్ని చూసేది నేను."

"నువ్వు చూసిన మనుషులే నా దగ్గరికి ముక్కలై వస్తున్నారు. అత్తయ్య రంపంతో కోసిన రోజుల్లో పక్కన ఒక మనిషి నీళ్లు పోస్తూ నిలబడేవారు. నీళ్లాగితే ఆవిడ చెయ్యి ఆగేది. ఆ ఇంట్లోనే పుట్టావు నువ్వు."

"అమ్మ కాలం వేరు."

"ఎముక అదే."

ఆయన గడియారం చూసుకున్నాడు. "నాకు పైన పనుంది. మీరు రాసేది రాసుకోండి. దాని మీద ఎవరి సంతకం లేకపోతే అది బయటికి వెళ్లదో మీకు తెలుసు." గుమ్మం దాటుతూ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. రాజుగారు వంటింట్లోకి తొంగిచూసి వెనక్కి పోయినట్టు పోయాడు.

ఎవరి సంతకమో ఆవిడకు తెలుసు. ఆస్పత్రిని పెట్టింది, పెంచింది, ఇప్పటికీ ప్రతి కుర్చీ ఎక్కడుండాలో చెప్పేది అత్తగారు. అందరికీ ఆవిడ పెద్దడాక్టరమ్మ. ఇక అన్నదమ్ముల్లో పెద్దవాడు, అంటే భూతద్దం భర్త, గొడవ మొదలవుతుందనగానే అత్యవసరంగా ఇంకెక్కడో పని గుర్తొచ్చే మనిషి. ఆయన్ని లెక్కలోకి తీసుకోవడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

రిపోర్టు రాయడానికి కూర్చుంది. అది సగానికి వచ్చేసరికి తలుపు మీద చెయ్యి ఒకటి గట్టిగా చరిచింది.

ఈత టీచరమ్మ. విశాలమైన భుజాలు, ఎండకు వన్నె తగ్గిన జుట్టు. కింది పెదవి ఒక పక్కన వేలాడుతోంది. మాట్లాడుతుంటే ఆ పక్కనుంచి ఉమ్మి జారుతుంది. స్పర్శ లేక, జారినప్పుడు ఆవిడకు తెలియదు. తెలియదు కాబట్టే మాటిమాటికీ అరచేత్తో తుడుచుకుంటూ ఉంటుంది.

"డాక్టరమ్మా, నా ముక్క ఇక్కడికే వచ్చిందని చెప్పారు. చచ్చిందా, బతికిందా?"

"కూర్చోండి. చూపిస్తాను."

"నాకు చూపిస్తే ఏం తెలుస్తుంది? చెప్పండి."

భూతద్దం చెప్పింది. దాచకుండా, మెత్తబరచకుండా చెప్పింది. ఇన్ఫెక్షన్ కాదని, ఎముక అంచు వేడికి చచ్చిందని, చచ్చిన అంచులు రెండూ ఎదురెదురుగా పెట్టి ఎన్నాళ్లు కూర్చోబెట్టినా అతుక్కోవని చెప్పింది. చచ్చినంత మేర తీసేసి, ఒంట్లో ఇంకోచోటి నుంచి మంచి ఎముక తెచ్చిపెడితే దవడ నిలబడుతుంది అంది. పెదవికి స్పర్శ ఇచ్చే నరం మాత్రం తిరిగొస్తుందని మాట ఇవ్వలేను అంది.

టీచరమ్మ అంతా వింది.

"నేను రోజూ పళ్లు తోముకుంటున్నానా అని అడిగాడు ఆయన" అంది. "నలుగురి ముందు. చిన్నపిల్లని అడిగినట్టు. నేను నిజంగానే నాదే తప్పనుకున్నాను. ఈల ఊదలేను, డాక్టరమ్మా. గాలంతా పక్కనుంచి పోతుంది. పిల్లలు నీళ్లలో ఉంటారు. నేను ఒడ్డున ఈల పట్టుకుని నిలబడతాను. ఎవడైనా మునిగితే నా గొంతు వాళ్లకి వినబడదు. మానేశాను ఆ పని."

ఓదార్పు మాటలు భూతద్దానికి రావు. వచ్చినట్టు నటించేవాళ్లంటే ఆవిడకు అసహ్యం. బల్ల మీదున్న దూది ముక్క తీసి ఆమె చేతికిచ్చింది.

టీచరమ్మ పెదవి తుడుచుకుని, "అయితే మా చెల్లికి కూడా ఇలాగే అవుతుందా?" అంది.

"మీ చెల్లికేమైంది?"

"మా ఇంట్లో ఆడపిల్లలందరిదీ ఇదే దవడ. నాది చెడిపోయింది నా తప్పు వల్లే అని చెప్పాడుగా. దాంతో అది ధైర్యం చేసింది. ఇందాకే లోపలికి తీసుకెళ్లారు. ఎవరో పెద్దపెద్ద డాక్టర్లు చూడ్డానికి వచ్చారంట. ఇంకా కాస్త సేపు పడుతుందన్నారని, నేను ఇటు దిగాను."

భూతద్దానికి ఎదుటివాళ్ల మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఏవగింపు ఒక్కసారిగా ఎక్కడికో పోయింది. దాని స్థానంలో భయం వచ్చి కూర్చుంది. చిత్రం తీసే రోజుల్లో కట్టేస్తాం. పైన పనుంది. గడియారం చూసుకున్నాడు.

ఆవిడ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది.

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లెక్కింది. వెనక టీచరమ్మ అడుగులు వినిపిస్తున్నాయి. ఆపరేషన్ థియేటర్ తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. తలుపు లోపలినుంచి వేసి ఉంది. కొడితే తీయరు, ఫోను చేస్తే ఎత్తరు. ఎత్తాల్సిన చేతులన్నీ చేతితొడుగుల్లో ఉంటాయి. పక్కనున్న హాలు తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది.

హాల్లో చీకటి. ఎదుట గోడంత తెర. మెడలో పేర్ల బిళ్లలు వేలాడేసుకున్న అతిథులు మెత్తని కుర్చీల్లో వెనక్కి వాలి, కప్పులు చప్పరిస్తూ చూస్తున్నారు. తెర మీద ఒక యువతి దవడ. చర్మం పక్కకు లాగి పెట్టారు. ఎముక పాలరాయిలా మెరుస్తోంది. దాని మీద ఎర్రచుక్క కదులుతోంది. వెనకాల గోరంత పొడవు గోధుమరంగు గీత అప్పటికే పడింది.

"ఎంత శుభ్రంగా ఉంది చూశారా" అన్నాడు ఒక బట్టతల పెద్దమనిషి పక్కవాడితో. పక్కవాడు తలాడించాడు. మొదటి వరుస మధ్యలో, వెన్ను నిటారుగా పెట్టుకుని పెద్దడాక్టరమ్మ కూర్చుని ఉంది.

థియేటర్లో ఉన్న డాక్టర్ని ప్రశ్నలు అడగడానికి అతిథుల కోసం మైకు ఒకటి పెట్టారు. అది ఒక కుర్రడాక్టరు చేతిలో ఉంది. అంతవరకూ దాన్ని అభినందనలకే వాడారు. భూతద్దం అతని చేతిలోంచి దాన్ని లాక్కుంది.

"నీళ్లు ఎందుకు కట్టేశావు మరిదీ?"

ఆ గొంతు హాలంతా మోగింది. థియేటర్లోని స్పీకర్లోనూ మోగి ఉంటుంది. తెర మీద ఎర్రచుక్క వణికింది. ఆగింది. ఆరిపోయింది.

"వదినా" అంది చిన్నడాక్టరు గొంతు, హాల్లోని స్పీకర్లోంచి. "కిందికి వెళ్లండి. ఇక్కడ మత్తులో మనిషి ఉంది."

"ఆ మనిషి గురించే అడుగుతున్నాను." ఆవిడ అతిథుల వైపు తిరిగింది. "మీరంతా ఎముకలు కోసే డాక్టర్లేగా. ఆ గోధుమరంగు ఏమిటనుకుంటున్నారు? అలంకారమా? ఇంతసేపూ పొగ లేస్తుంటే చూస్తున్నారు. నీళ్లెక్కడని ఒక్కరికీ నోరు రాలేదేం? ఇదే చెయ్యి ఇలాగే కాల్చిన దవడ ముక్క కింద ల్యాబులో నా బల్ల మీద ఉంది. దాని అంచున బతికిన కణం ఒక్కటి లేదు. రండి, చూపిస్తాను. చక్రం తిప్పడం వస్తేనే రండి."

కప్పు ఒకటి సాసరు మీద టకమని పడింది. బట్టతల పెద్దమనిషి ముందుకు వంగి కళ్లు చికిలించి తెర వైపు చూశాడు. అతని మొహంలో రంగు మారింది. "నిజమే" అన్నాడు మెల్లగా. "తుంపర లేదు. డాక్టరుగారూ, ముందు నీళ్లు వదలండి. ఆ కాలిన మేర గీకేసి, మిగతాది రంపంతో పూర్తి చేయండి. ఇప్పుడే చేయండి."

థియేటర్లో ఎవరో ఏదో గుసగుసలాడారు. తెర మీదికి తొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి వచ్చి గొట్టం తిప్పింది. నీళ్లు ఎముక మీద పడ్డాయి. పడీ పడగానే తుంపర కెమెరా అద్దానికి కొట్టి తెరంతా మసకేసింది. పాలరాయి లేదు, మెరుపు లేదు. తడిసిన బూడిదరంగు. అందులో రంపం చప్పుడు మొదలైంది. భూతద్దానికి అంత అందమైన బొమ్మ ఆ ఆస్పత్రిలో ఎన్నడూ కనిపించలేదు.

మైకు దించబోతుంటే మొదటి వరుసలో కదలిక. పెద్దడాక్టరమ్మ లేచి నిలబడింది. కోడలి వైపు తిరిగింది. ఆ కళ్లలో కోపం గానీ సిగ్గు గానీ లేవు. అల్లరి చేసిన పిల్లను ఇంటికెళ్లాక చూసుకుందాంలే అనుకునే తల్లి ఓపిక ఒకటి ఉంది.

"వాణ్ని అనవసరంగా తిట్టావు అమ్మాయ్" అంది. "వాడికి అంత ఆలోచన ఎక్కడేడ్చింది? తెర మసకేయకుండా ఆ నీళ్లు కట్టేయమన్నది నేను. మొదటి రోజునుంచీ నేనే."

మైకు ఇంకా భూతద్దం చేతిలోనే ఉంది. దాన్ని ఆపడం ఆవిడ మర్చిపోయింది. ఆ మాట హాలంతా వినిపించింది. థియేటర్లోకీ వెళ్లింది. అక్కడ రంపం ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచింది.

గుమ్మంలో నిలబడ్డ టీచరమ్మ కూడా విన్నది. అరచేత్తో పెదవి తుడుచుకుని, కుర్చీల మధ్య దారిలో మొదటి వరుస వైపు నడవడం మొదలుపెట్టింది.